జీతం రాని పని

పన్నెండుమంది కూర్చునే ఆఫీసులో ఎవరి పిచ్చి ఏమిటో దాచుకోవడం కుదరదు. పెద్ద కంపెనీలోనైతే నాలుగో అంతస్తులో ఒకాయన వీణ వాయిస్తాడని మూడో అంతస్తువాళ్లకు తెలియకుండానే ఇరవై ఏళ్లు గడిచిపోవచ్చు. చిన్న వెబ్ కంపెనీ సంగతి వేరు. మాదాపూర్‌లో ఒక ఫ్లాటో, విశాఖ సిరిపురంలో ఒక షోరూం పైన మేడో అద్దెకు తీసుకుని నడిపే ఆఫీసు అది. ఒకటే హాలు, ఒకటే కాఫీ మెషిను, ఒకటే వాట్సాప్ గ్రూపు. సోమవారం స్టాండప్‌కి టెస్టింగ్ అమ్మాయి కాళ్లీడ్చుకుంటూ వచ్చిందంటే ఆదివారం హాఫ్ మారథాన్ పరిగెత్తిందని ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాకెండ్ కుర్రాడు లంచ్ టైములో హెడ్‌ఫోన్లు పెట్టుకుని టేబుల్ అంచు మీద వేళ్లతో కొడుతున్నాడంటే మృదంగం మాస్టారు కొత్త పాఠం ఇచ్చారన్నమాట.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. చిక్కు కూడా ఇక్కడే మొదలవుతుంది. మీ ఇష్టం పదిమందికీ తెలిసిన మరుక్షణం దానికి ఆఫీసులో ఒక ఉపయోగం దొరుకుతుంది. బొమ్మలు వేస్తారని తెలిస్తే ఉగాది గ్రీటింగు మీ చేతికే వస్తుంది. ఫొటోలు తీస్తారని తెలిస్తే వెబ్‌సైట్లో ‘మా టీం’ పేజీకి అందరి ఫొటోలూ మీరే తీయాలి, ఆనక క్లయింటుగారి గృహప్రవేశానికి కూడా కెమెరా పట్టుకుని వెళ్లాలి. తెలుగులో కథలు రాస్తారని తెలిస్తే యాప్‌లోని ఎర్రర్ మెసేజ్‌లన్నీ తెలుగు చేసే పని మీ నెత్తిన పడుతుంది. ఇలా అడిగేవాళ్లలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ‘నీకు ఇష్టమే కదా’ అంటారు, అంతే. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం, ఎందుకంటే నిజంగానే ఇష్టం.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మీ ఇష్టానికీ మీ ఉద్యోగానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో మీరే కొలిచి పెట్టుకోవాలి. మీరు పెట్టుకోకపోతే ఆఫీసు పెడుతుంది. ఆఫీసుకు ఆ ఎడం ఎంత తక్కువైతే అంత లాభం. నచ్చిన పనినే ఉద్యోగం చేసుకుంటే ఇక బతుకంతా పండగేనని ఇలాంటి సలహాల పుస్తకాలు చాలా కాలంగా ఊరిస్తున్నాయి. చిన్న కంపెనీలో నాలుగేళ్లు పనిచేసినవాళ్లను అడిగి చూడండి. నచ్చిన పనే ఉద్యోగమైతే పండగరోజు కూడా ఉద్యోగంలాగే ఉంటుందని చెబుతారు.

ఐదింటికి తాళం పడిన రోజులు

ఉద్యోగం పక్కన ఇష్టాన్ని పెంచుకోవడం తెలుగునాట కొత్తేమీ కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టాక నాటకపోటీలు మన ఊళ్లలో ఒక సంప్రదాయంగా స్థిరపడ్డాయి. ఆ పోటీల్లో వేషం కట్టినవాళ్లలో ఎందరో రైల్వేలోనో, బ్యాంకులోనో, ఎల్.ఐ.సి.లోనో, కరెంటాఫీసులోనో గుమాస్తాలు. సాయంత్రం ఇంటికెళ్లి కాఫీ తాగి, రిహార్సల్‌కి వెళ్లి, అర్ధరాత్రి దాటాక వచ్చి పడుకుని, మర్నాడు పదింటికి మళ్లీ లెడ్జర్ ముందు కూర్చునేవారు. కాళీపట్నం రామారావు విశాఖపట్నంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతూ కథలు రాశారు. రిటైరయ్యాక 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి ఊరూరి కథలూ పోగుచేశారు. అదే విశాఖలో రావిశాస్త్రి ప్లీడరు. కోర్టు వరండాల్లో చూసిన మనుషులే ఆయన కథల్లోకి నడిచొచ్చారు. ఒకరి ఇష్టం ఉద్యోగానికి బాగా ఎడంగా పెరిగింది, మరొకరిది ఉద్యోగంలోంచే పుట్టుకొచ్చింది. రెండూ నిలబడ్డాయి కాబట్టి దగ్గర మంచిదా దూరం మంచిదా అన్న ప్రశ్నకు ఒకటే జవాబు లేదు.

వాళ్లకున్న సౌకర్యం ఒకటి మనకు లేదు. ఐదింటికి ఆఫీసుకు తాళం పడేది. బ్యాంకు గుమాస్తా మేకప్ వేసుకుంటుండగా లెడ్జర్ వచ్చి భుజం తట్టేది కాదు. వెబ్ కంపెనీలో ఆ తాళం లేదు. రాత్రి పదకొండింటికి ‘సైట్ డౌన్’ అని గ్రూపులో మెసేజ్ పడుతుంది. అమెరికా క్లయింటుకు అప్పుడే మధ్యాహ్నం భోజనవేళ దాటి ఉంటుంది, ఆయనకు మంచి ఉత్సాహంగా ఉంటుంది. వెనకటి తరానికి ఆఫీసే గీసి ఇచ్చిన గీతను మనం చేత్తో గీసుకోవాలి, రోజూ గీసుకోవాలి. ఈ తరానికి క్రమశిక్షణ లేదని పెద్దవాళ్లు విసుక్కున్నప్పుడల్లా నాకు ఆ తాళమే గుర్తొస్తుంది.

సాయంత్రానికి మీలో ఏది అలిసిపోతుంది?

ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో సియారా కెల్లీ, ఆమె సహచరులు చేసిన ఒక అధ్యయనం 2020లో వెలువడింది. వ్యాపకం మీద మామూలుకన్నా ఎక్కువ సమయం గడిపిన నెలల్లో, ఉద్యోగం చేయగలమన్న ధీమా ఎలా మారుతుందో వాళ్లు గమనించారు. వ్యాపకాన్ని గట్టిగా పట్టించుకుంటూ, అది ఉద్యోగానికి భిన్నంగా ఉన్నవాళ్లలో ధీమా పెరిగింది. ఉద్యోగాన్ని పోలినదే అయినా సరదాకి చేసినవాళ్లలోనూ పెరిగింది. వ్యాపకం ఉద్యోగాన్ని పోలి ఉండి, దాన్నే గట్టిగా పట్టుకున్నవాళ్లలో మాత్రం తగ్గింది. పగలంతా కోడ్ రాసి రాత్రంతా మరో ప్రాజెక్టుకు కోడ్ రాసే మనిషిని గుర్తు తెచ్చుకుంటే ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. అదే కుర్చీ, అదే స్క్రీను, అదే మణికట్టు.

ఈ పరిశోధనను మీ టేబుల్ దగ్గరికి తెచ్చుకోవాలంటే ఒక ప్రశ్న చాలు. సాయంత్రం లాప్‌టాప్ మూసేసరికి మీలో ఏది అలిసిపోయి ఉంటుంది? ఒళ్లంతా అలిసిపోయిందనకండి, ఏ భాగమో కనిపెట్టండి. డెవలపర్‌కి కళ్లు, మెడ అలుస్తాయి. వాటితోపాటు, పది విషయాలు ఒకేసారి బుర్రలో పట్టుకుని ఉండే శక్తి అయిపోతుంది. అలాంటివాడు సాయంత్రం చదరంగం కోచింగుకు వెళ్తే వారంలో మానేస్తాడు, ఈతకు వెళ్తే కొనసాగిస్తాడు. సపోర్ట్‌లో కూర్చునే అమ్మాయికి ఒంట్లో ఓపిక బోలెడుంటుంది, పరాయి మనుషుల మాటలు వినే సహనమే ఉండదు. పొద్దున్నుంచీ ఫోనులో ‘తప్పకుండా సర్, చూస్తాం సర్’ అన్న నోరు అది. ఆమెకు నాటక సమాజం కన్నా మిద్దెతోట నయం. డిజైనర్‌కి అలిసేది ఎంపిక చేసే శక్తి. ఈ నీలమా ఆ నీలమా అని రోజంతా తేల్చి తేల్చి, రాత్రి ఇంట్లో కూర ఏం చెయ్యాలో కూడా తేల్చలేకపోతుంది. ఇలాంటివాళ్లకు గురువు చెప్పింది చెప్పినట్టు చేసే విద్యలు హాయినిస్తాయి. కూచిపూడి అడవులు వెయ్యడంలోనూ, కర్ణాటక సంగీతంలో సరళీ స్వరాలు సాధన చెయ్యడంలోనూ ఎంచుకోవాల్సిందేమీ ఉండదు, చెయ్యడమే.

కంటెంట్ రాసే ఉద్యోగంలో ఉండి కథలు కూడా రాద్దామనుకునేవాళ్ల కష్టం అందరికన్నా ఎక్కువ. సబ్బుల కంపెనీకి నాలుగు బ్లాగులు రాసిన చెయ్యి రాత్రి కథ రాయమంటే మొరాయిస్తుంది. వీళ్లకు నా సలహా ఒక్కటే. ఇష్టమైన రాతకు తెల్లవారుజామును ఇచ్చి, మిగిలిన రోజును కంపెనీకి ఇవ్వండి. బాగున్న చేతిని ముందు మీరు వాడుకోండి. యజమానికి ఇది నచ్చకపోవచ్చు కానీ ఆయన కొనుక్కున్నది పదింటి నుంచి ఏడింటి దాకానే.

పై లెక్కకు లొంగని ఉదాహరణ ఒకటి మన ఎదుటే ఉంది, దాన్ని దాటేసి వెళ్లడం న్యాయం కాదు. కంప్యూటర్ మీద తెలుగు ఇవాళ ఇంత సుళువుగా ఉందంటే, అందులో ఎక్కువ భాగం పగలు కంప్యూటర్ ఉద్యోగం చేసి రాత్రి మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల పుణ్యమే. తొంభైలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునే ఆర్.టి.ఎస్. పద్ధతిని తయారుచేశారు. 1998లో ‘ఈమాట’ పత్రిక వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆ తర్వాత వీవెన్ తయారుచేసిన ‘లేఖిని’తో వేలమంది మొదటిసారి తెలుగులో టైపు చేశారు. వీటిలో దేనికీ జీతం లేదు. చేసిన పని చూస్తే పగటి పనిలాంటిదే. మరి వీళ్లెందుకు అలిసిపోలేదు?

నాకు తోచిన కారణం చెబుతాను. పనిముట్టు ఒకటే అయినా కొలబద్ద వేరు. రాత్రి పనికి క్లయింటు లేడు, డెడ్‌లైన్ లేదు, అప్రైజల్ లేదు. పైగా అది తెలుగు. పగలు రాసిన కోడ్‌ను వాడేది ఎక్కడో ఉన్న ముఖం తెలియని మనిషి. రాత్రి రాసినదాన్ని వాడేది సొంత మేనత్త. కాబట్టి మీ వ్యాపకం ఉద్యోగాన్ని పోలి ఉందని బెంగపడేముందు ఇది కూడా చూసుకోండి: అది బాగా వచ్చిందో లేదో తేల్చేది ఎవరు? మీరో, మీ గురువో, మీ తోటివాళ్లో అయితే భయం లేదు. అక్కడా ఒక మేనేజరు, ఒక టార్గెటు, ఒక నెలవారీ రిపోర్టు మొలిచాయంటే మీకు రెండో ఉద్యోగం వచ్చినట్టే, జీతం రాదు అంతే తేడా.

సెలవు అడగడం

పెద్ద కంపెనీలో ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తూ బెంచి మీద మనుషులుంటారు. చిన్న కంపెనీలో బెంచీ లేదు, కుర్చీలే సరిగ్గా సరిపోతాయి. ఉన్న డిజైనర్ ఒక్కరే అయితే ఆవిడ సెలవు రోజున ఆఫీసులో డిజైన్ అనేదే ఉండదు. అందుకని ఇక్కడ సెలవు అడగడం ఒక హెచ్.ఆర్. పోర్టల్‌లో బటన్ నొక్కడంతో అయిపోయే వ్యవహారం కాదు, పక్కవాడి భుజం మీద బరువు పెట్టడం. ఇది ఒప్పుకుని మొదలుపెడితే మిగతాది తేలిక.

ఇష్టాలకు చాలావరకు వాటి పంచాంగం వాటికి ఉంటుంది. హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో వస్తుంది. హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, చెన్నైలో కచేరీల సీజను డిసెంబరులో. తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికి, అంటే సాధారణంగా జనవరిలో. పులికాట్ సరస్సుకూ నేలపట్టుకూ వలస పక్షులు చలికాలంలోనే వస్తాయి, మీ స్ప్రింటు అయ్యేదాకా ఆగవు. ఇవన్నీ ఏడాది ముందే తెలిసిన సంగతులు. అయినా మనవాళ్లు ముందు వారం దాకా నోరు విప్పరు.

ఆఫీసుకూ ఒక పంచాంగం ఉంటుంది. మీ కంపెనీ ఆన్‌లైన్ దుకాణాలకు సైట్లు చేస్తుంటే దసరా, దీపావళి సేల్ రోజులు ప్రాణాంతకం. అమెరికా క్లయింట్లయితే నవంబరు నెలాఖరు నుంచి క్రిస్మస్ దాకా దుకాణాలవాళ్లకు ఊపిరాడదు, మిగతావాళ్లకు చాలావరకు ఆటవిడుపు. స్కూళ్లకూ కాలేజీలకూ సైట్లు చేసేవాళ్లకు మే, జూన్‌లలో అడ్మిషన్ల పోటు. ఈ రెండు పంచాంగాలనూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడ గుద్దుకుంటాయో ముందే తెలుస్తుంది. ఆగస్టులో పరుగెత్తేవాడికి పెద్ద గొడవ రాదు. నవరాత్రుల్లో గుళ్లో నాట్యం చేసే అమ్మాయికి వస్తుంది, అదీ ఏటా వస్తుంది. ఆమె జులైలోనే ఇలా మాట్లాడాలి:

“అన్నా, దసరా తొమ్మిది రోజులూ సాయంత్రం ఐదింటికి నేను వెళ్లిపోవాలి. మా గురువుగారి బృందం ప్రోగ్రాములున్నాయి. ఆ రోజుల్లో పొద్దున ఏడింటికే లాగిన్ అవుతాను. సేల్ మొదలయ్యే రాత్రి ఆన్‌కాల్ మాత్రం నావల్ల కాదు. దానికి బదులు డిసెంబర్ 31 రాత్రి నేనుంటాను. బ్యానర్లన్నీ మహాలయ అమావాస్యలోపు పూర్తిచేసి ఇచ్చేస్తాను.”

ఈ నాలుగు మాటల్లో తేదీ ఉంది, గంట ఉంది, ఆఫీసుకు ఏం తక్కువ పడుతుందో ఉంది, బదులు ఏం దొరుకుతుందో ఉంది. నాట్యం ఎంత గొప్పదో, ఎన్నేళ్లుగా నేర్చుకుంటోందో లేదు. ఓనర్‌ని కళాభిమానిని చెయ్యనక్కర్లేదు, రిలీజ్ ఆగదని నమ్మిస్తే చాలు. డిసెంబర్ 31 రాత్రి డ్యూటీ మాత్రం మంచి సరుకు. దాన్ని ఇస్తామంటే పక్కనున్నవాళ్లే మీ తరఫున మాట్లాడతారు.

చాలామంది ఇక్కడే రెండు రకాలుగా పాడుచేసుకుంటారు. ఒకటి, ‘ఏమనుకోకన్నా, ఏదో చిన్న పిచ్చి నాది’ అని నసగడం. మీరే చిన్నది అన్నాక రెండోసారి దాన్ని చిన్నదిగానే చూస్తారు, తప్పు వాళ్లది కాదు. రెండోది అబద్ధం. అమ్మమ్మకు ఒంట్లో బాగోలేదని చెప్పి కచేరీకి వెళ్తే, ఆ రాత్రే ఎవరి స్టేటస్‌లోనో రెండో వరసలో మీ ముఖం కనిపిస్తుంది. పన్నెండుమంది ఉన్నచోట అలాంటి అబద్ధానికి ఆయుష్షు తక్కువ. పైగా మరుసటిసారి నిజంగానే అమ్మమ్మకు బాగోకపోతే చెప్పుకోవడానికి ముఖం ఉండదు.

ఇక ‘నీకు ఇష్టమే కదా’ అన్న మాట దగ్గరికి వద్దాం. మొదటిసారి అడిగినప్పుడు సంతోషంగా చెయ్యండి, అది మీరిచ్చే కానుక. రెండోసారి అడిగినప్పుడు నవ్వుతూనే ‘టికెట్ వెయ్యండి’ అనండి. గ్రీటింగు బొమ్మకు నాలుగు గంటలు పడుతుందంటే ఆ నాలుగు గంటలూ స్ప్రింటులో కనిపించాలి, వేరే పని నాలుగు గంటలు వెనక్కి జరగాలి. ఇలా అన్నాక సగం కోరికలు వాటంతటవే ఆగిపోతాయి. మిగిలిన సగం నిజంగా అవసరమైనవి, వాటిని పనివేళల్లోనే చేసిపెట్టవచ్చు. ఇందులో గర్వానికి తావు లేదు. మీ బొమ్మకు విలువుంటే దానికి గంటలు కూడా ఉండాలి కదా.

కాగితం మీద ఏముంది

విసుగు పుట్టించే విషయమే, అయినా చదవండి. భారత కాపీరైట్ చట్టం, 1957 లోని 17వ సెక్షను ప్రకారం, ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు మొదటి హక్కుదారు యజమానే, వేరే ఒప్పందం లేకపోతే. మన చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాము కూడా సాహిత్య రచన కిందికే వస్తుంది. కాబట్టి ‘ఉద్యోగంలో భాగంగా’ అన్న మాట దగ్గరే అంతా ఉంది. చెఫ్‌కి హక్కుల చిక్కు ఉండదు, ఇంట్లో వండిన పులిహోర మీద హోటల్ యజమాని దావా వెయ్యడు. వెబ్ కంపెనీలో మీరు రాత్రి రాసిన యాప్, పగలు రాసే యాప్‌లాగే ఉంటే గొడవకు చోటుంటుంది. పైగా చాలా ఆఫర్ లెటర్లు చట్టం కన్నా ఒకడుగు ముందుకెళ్లి, ఉద్యోగకాలంలో తయారుచేసిన ప్రతిదీ కంపెనీదేనని రాసేస్తాయి. సంతకం పెట్టేరోజు జీతం అంకె ఒక్కటే చూస్తాం కదా, ఆ వాక్యం మూడో పేజీలో ప్రశాంతంగా ఉంటుంది.

2022లో మూన్‌లైటింగ్ మీద, అంటే ఒక ఉద్యోగంలో ఉంటూనే బయట మరో పని చెయ్యడం మీద, దేశమంతా వాదించుకుంది. ఆ ఆగస్టులో స్విగ్గీ కొన్ని షరతులతో తన ఉద్యోగులకు బయటి పని చేసుకునే వీలు కల్పించింది. అదే నెలలో విప్రో చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ మూన్‌లైటింగ్‌ను మోసం అన్నారు, పోటీ కంపెనీలకు పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామని సెప్టెంబరులో చెప్పారు. ఆ గొడవంతా రెండో జీతం గురించి. ఆదివారం పక్షుల ఫొటోలు తీసుకునేవాడికి దానితో పేచీ లేదు. కానీ ఆ ఫొటోలు అమ్మడం మొదలుపెట్టినా, మృదంగానికి ట్యూషన్ ఫీజు తీసుకున్నా గీత దగ్గరికి వచ్చినట్టే.

చెయ్యాల్సింది కష్టమేమీ కాదు. సొంత పనికి ఆఫీసు లాప్‌టాప్, ఆఫీసు గిట్‌హబ్ అకౌంటు, ఆఫీసు ఈమెయిల్ ముట్టుకోకండి. క్లయింటు డేటా వైపు చూడనే చూడకండి. ఆ పనికీ కంపెనీ వ్యాపారానికీ ఏ మాత్రం పోలికున్నా ముందే ఓనర్‌తో చెప్పి, ‘నిన్న మాట్లాడుకున్నట్టు’ అంటూ రెండు వాక్యాల మెయిల్ పెట్టి, ‘ఓకే’ అని జవాబు తెచ్చుకోండి. చిన్న కంపెనీలో నోటిమాటకు విలువ ఎక్కువే. అయితే కంపెనీని రేపు ఎవరైనా కొనుక్కుంటే, కొత్తగా వచ్చినవాళ్లకు ఆ నోటిమాట వినిపించదు.

ఓనర్లు చదవాల్సిన పేజీ

షికాగోలో 37సిగ్నల్స్ అని ఒక వెబ్ కంపెనీ ఉంది. 1999లో వెబ్ డిజైన్ సంస్థగా మొదలై తర్వాత బేస్‌క్యాంప్ సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకుంది. మనుషులు గుప్పెడుమందే ఉన్న రోజుల్లో, 2008లో, తమ ఉద్యోగుల ఇష్టాలకు కంపెనీయే కొంత డబ్బిస్తుందని ప్రకటించారు. ఒక ఉద్యోగి విమానం నడపడం నేర్చుకుంటుంటే దానికి ఇచ్చారు. షరతు ఒక్కటే: నేర్చుకున్నదాన్ని పదిమందితో పంచుకోవాలి. వారానికి నాలుగు రోజుల పని కూడా అప్పుడే ప్రయత్నించారు, తర్వాత దాన్ని వేసవి నెలలకు ఉంచుకున్నారు. అక్కడి భాగస్వామి డేవిడ్ హైన్‌మైయర్ హాన్సన్, రూబీ ఆన్ రైల్స్ సృష్టికర్త, కార్ల పందేల మనిషి. 2014లో లె మాన్స్ 24 గంటల పందెంలో తన తరగతిలో గెలిచిన జట్టులో ఉన్నాడు. ఆయన సెలవు ఎవరిని అడగాలి గనక, అంటారా? నిజమే. అందుకే నాకు ఆయన కప్పు కన్నా ఆ ఉద్యోగి విమానం పాఠాలే ముఖ్యమనిపిస్తాయి.

షరతు మీద మాత్రం నాకు కాస్త పేచీ ఉంది. డబ్బిచ్చిన కంపెనీ ‘నేర్చుకున్నది చెప్పు’ అనడం తక్కువ వడ్డీయే. కానీ కొన్ని ఇష్టాలు చెప్పుకుంటే చెడిపోతాయి. శుక్రవారం మధ్యాహ్నం ప్రొజెక్టర్ పెట్టి తన కవిత్వం గురించి పది స్లైడ్లు చూపించమంటే చాలామంది కవిత్వమే మానేస్తారు. చెప్పాలనుకున్నవాళ్లు చెప్పేలా, వద్దనుకున్నవాళ్లు ఊరుకునేలా ఉంటే బాగుంటుంది. అప్రైజల్ ఫారంలో ‘ఇతర ప్రతిభలు’ అని ఒక గడి పెట్టి మార్కులు వేసే ఆలోచన ఎవరికైనా ఉంటే వెంటనే మానుకోండి. 1973లో మార్క్ లెప్పర్, మిత్రులు చేసిన ప్రయోగంలో, బొమ్మలంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే ఆశ చూపారు. కొన్ని రోజుల తర్వాత చూస్తే ఆ పిల్లలకు బొమ్మల మీద ఇష్టం తగ్గింది. ఏమీ చెప్పకుండా చివర్లో సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో తగ్గలేదు. పెద్దవాళ్లూ ఆ పిల్లలకు మరీ దూరమేమీ కారు.

డబ్బు లేని ఓనర్ చెయ్యగలిగింది కూడా ఉంది, డబ్బుకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది. శుక్రవారం సాయంత్రం ఏదీ డిప్లాయ్ చెయ్యవద్దని నియమం పెట్టండి. ఆన్‌కాల్ వంతులు నెల ముందే గోడమీద రాయండి. వంతు లేనివాడిని ఆ రాత్రి ఎవరూ లేపకూడదు, మీరు కూడా. ఆరు తర్వాత ఎప్పుడు పిలుపొస్తుందో తెలియనివాడు ఏ గురువు దగ్గరా చేరలేడు. మంగళవారం, గురువారం సాయంత్రాలు తనవేనని నమ్మకంగా తెలిసినవాడు ఏదైనా నేర్చుకుంటాడు.

ఇష్టమే కంపెనీ అయినప్పుడు

స్టూవర్ట్ బటర్‌ఫీల్డ్ కథ ఈ సందర్భంలో అందరూ చెబుతారు, సగమే చెబుతారు. ఆయనకు ఆటలంటే పిచ్చి. వాంకూవర్‌లో కేటరీనా ఫేక్‌తో కలిసి ఒక చిన్న కంపెనీ పెట్టి ఆన్‌లైన్ ఆట తయారుచెయ్యబోయాడు. ఆట నిలబడలేదు. దాని కోసం చేసిన సరంజామాలోంచి ఫ్లికర్ పుట్టింది, 2004లో. మరుసటి ఏడాదే యాహూ కొనుక్కుంది. చేతికి డబ్బొచ్చాక మళ్లీ ఆటకే వెళ్లాడు. ఆ రెండో ఆట పేరు గ్లిచ్, 2012లో మూతపడింది. ఆ జట్టు తమలో తాము మాట్లాడుకోవడానికి చేసుకున్న పనిముట్టు స్లాక్ అయింది. ఇష్టాన్ని నమ్ముకున్నవాడి గెలుపుగా దీన్ని చెబుతారు. నేను చదివితే మరోలా కనిపిస్తుంది. ప్రాణంపెట్టి ప్రేమించినది రెండుసార్లూ అమ్ముడుపోలేదు, దారిలో అవసరానికి చేసినది రెండుసార్లూ అమ్ముడుపోయింది.

కాబట్టి మీ వ్యాపకాన్ని బతుకుతెరువు చెయ్యాలనిపించినప్పుడు, దానిలోని తియ్యటి భాగాన్ని చూసి నిర్ణయించకండి. ఉద్యోగంలో ఉండగానే ఆరు నెలలపాటు చేదు భాగం చేసి చూడండి. ఫొటోగ్రాఫరు కావాలనుంటే, పెళ్లివాళ్లతో బేరం ఆడి, అడ్వాన్సు అడిగి, ఆల్బం ఇచ్చాక మిగిలిన డబ్బు కోసం నాలుగుసార్లు ఫోన్ చేసి చూడండి. అది చేశాక కూడా కెమెరా పట్టుకోవాలని ఉంటే నోటీస్ పీరియడ్ ఎంతో చూసుకోవచ్చు. ఆరు నెలలు ఆ పని చేసేటప్పుడు పైన చెప్పిన కాగితం సంగతి మరవకండి.

చివరగా ఎవరూ రాయని విషయం. ఇష్టాలు అయిపోతాయి కూడా. మూడేళ్లు కెమెరాతో పక్షుల వెంట తిరిగినవాడికి ఒక చలికాలం లేవబుద్ధి కాదు. ఆఫీసులో మాత్రం ‘పక్షుల మనిషి’ అన్న పేరు స్థిరపడిపోయి ఉంటుంది, పుట్టినరోజుకు అందరూ చందాలేసుకుని పక్షుల పుస్తకమే ఇస్తారు. ఆ పేరు నిలబెట్టడం కోసం తెల్లవారుజామున లేచి వెళ్లనక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఇప్పుడు వెళ్లడం లేదని చెప్పండి, కారణం చెప్పనవసరం లేదు. రెండు నెలలు ఏమీ చెయ్యకుండా ఉండండి, సాయంత్రాలు ఖాళీగా ఉన్నాయని కొత్తది వెంటనే తెచ్చిపెట్టుకోకండి. కెమెరాను మాత్రం బీరువాలో దాచకుండా అమ్మెయ్యండి. విశాఖ, కాకినాడలాంటి సముద్రపు ఊళ్లలో వాడకుండా మూలపడేసిన లెన్సుకు రెండు వానాకాలాల్లో బూజు పట్టే ప్రమాదం ఉంది, అది పట్టాక ఎవరూ సరైన ధర ఇవ్వరు.